ఆర్యపల్లి తీరమున పడిశము: గుండె శస్త్రచికిత్సానంతర శ్వాసవ్యాధులను గూర్చిన చారిత్రక పరిశీలనము

గంజాము మండలమున ఛత్రపురమునకు సమీపమున, ఋషికుల్య సాగరమున గలియు చోటికి దక్షిణముగ, ఇసుక దిబ్బలకును కెరటములకును నడుమ వెలసిన పల్లె ఆర్యపల్లి. ఇచ్చటి బెస్తలు తెలుగువారు. ఒడియావారు వీరిని నోలియాలందురు. వీరిలో పెక్కురు తమ్ము తాము వాడబలిజలని చెప్పుకొందురు. ఇంట తెలుగు, సంతలో ఒడియా, కడలిపై రెండును. తెల్లవారకమునుపే తెప్పలను నీటిలోనికి నెట్టువారికి తడియు గాలియు నిత్యమే గనుక పడిశము వీరికి పొరుగింటి చుట్టము వంటిది. వచ్చును, నాలుగు దినములుండును, పోవును. "పడిశము పది రోగముల పెట్టు" అను సామెత తెలుగునాట నెల్లెడల వినవచ్చినను, మిరియాల కషాయము త్రాగి మరునాడే వల భుజమున వేసికొనువారు దానిని అంతగా లెక్కింపరు.

అయితే గుండెకు శస్త్రచికిత్స జరిగి తిరిగివచ్చినవాడున్న యింట ఈ లెక్క తారుమారగును. ఆ మనిషి తుమ్మినచో ఇల్లెల్ల ఉలికిపడును. తలకు గుడ్డ చుట్టుదురు, సముద్రపుగాలి తగులనీయరు, తలస్నానము మాన్పింతురు, ఏండ్ల తరబడి తీరమునకు పోనీయరు. "గుండె కోసినవానికి రొంప విడువదు" అను నమ్మకము గంజాము తీరముననే గాక విశాఖ, శ్రీకాకుళ మండలములలోను, పట్టణములలో చదువుకొన్న కుటుంబములలోను కలదు. దీనికి విరుద్ధమైన పొరపాటును కలదు. నెల దినములుగా సాయంకాలము జ్వరము తగులుచున్నను అది రొంపజ్వరమేయని కషాయముతో సరిపుచ్చుట. మొదటి పొరపాటు పనిచేయగల మనిషిని మూల కూర్చుండబెట్టును. రెండవది ప్రాణము తీయును. కావున ఈ నమ్మకములో ఎంత నిజమున్నదో, ఆ నిజము వైద్యులకెట్లు తెలిసివచ్చెనో విచారించుట కేవలము పాండిత్యప్రయోజనము కొఱకు గాదు.

జ్వరము ఈ ప్రాంతపు చరిత్రనే మార్చినది. ఋషికుల్యాముఖమున నున్న గంజాము పట్టణము ఒకప్పుడు మండలమునకు ప్రధానస్థానము. 1815లో ప్రబలిన విషజ్వరము దానిని పాడుపెట్టగా పాలనాస్థానము అచ్చటినుండి తరలిపోయెను. నేడు ఛత్రపురము మండల కేంద్రము; బరంపురము వర్తకమునకును విద్యకును కేంద్రము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రముగ ఏర్పడువరకు గంజాము మద్రాసు రాజధానిలోని భాగమే గనుక, ఇచ్చటి రోగులకు పెద్దవైద్యమనిన దక్షిణపు దిక్కే. 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల వెలసెను. అదే యేట కింగ్ జార్జి వైద్యశాల ఆరంభమయ్యెను. మద్రాసు–హౌరా రైలుమార్గము పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకముననే ఈ ప్రాంతమున పడియుండెను. సరిహద్దు మారినను రైలుబండి మారలేదు. 1962లో బరంపురమున వైద్యకళాశాల స్థాపితమై, తరువాత పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేర వ్యవహృతమగుచున్నది. అయినను గుండె కోయవలసినప్పుడు చాలకాలము విశాఖకో, వేలూరికో, మద్రాసుకో పోవుటయే గంజాము తెలుగువారి యలవాటు.

ఆ ప్రయాణమునకు కారణమైన గుండెజబ్బు బీదల యిండ్లలో చాలవరకు గొంతునొప్పితో మొదలగునదే. స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి పిల్లల గొంతున చేరి నొప్పియు జ్వరమును గలిగించును. అది తగ్గిన రెండు మూడు వారములకు కొందరిలో కీళ్లు వాచును. దీనినే రుమాటిక్ జ్వరమందురు. కీళ్లవాపు మచ్చలేక మానిపోవును. గుండె కవాటములపై పడిన దెబ్బ మాత్రము మానదు. ఇరుకు గుడిసెలో పదిమంది కలిసి నిద్రించు చోట ఒకరి గొంతునుండి మరియొకరి గొంతునకు ఈ జీవి సులభముగ పాకును. ఇరువదియేండ్లు వచ్చునప్పటికి మిట్రల్ కవాటము ముడుచుకొనిపోయి, వల లాగు పడుచువాడు ఇసుకలో పది అడుగులు వేయలేక కూలబడును. అనగా ఇచ్చట కంఠరోగమునకును గుండె శస్త్రచికిత్సకును గల సంబంధము శస్త్రచికిత్స తరువాత మొదలైనది గాదు. పదునైదేండ్లు ముందుగనే మొదలైనది. ఈ విషయమున నమ్మకము తలక్రిందులుగ నున్నదని చెప్పవలెను.

గుండెను కత్తితో తాకవచ్చునను ధైర్యము వైద్యలోకమునకు మెల్లగ వచ్చినది. 1923లో బోస్టనులో ఇలియట్ కట్లరు ముడుచుకొన్న మిట్రల్ కవాటమును కోసెను. 1925లో లండనులో హెన్రీ సౌటరు ఒక యువతి గుండెలోనికి వ్రేలు పోనిచ్చి కవాటమును విప్పెను. ఆమె కోలుకొన్నను ఆయనకు మరియొక రోగిని పంపిన వైద్యుడు లేడు! ఇరువదిమూడేండ్ల తరువాత, 1948 జూను నెలలో, ఫిలడెల్ఫియాలో చార్లెస్ బెయిలీ, బోస్టనులో డ్వైట్ హార్కెన్ కొద్ది దినముల వ్యవధిలో అదే పనిని సాధించిరి. ఇంచుమించు ఆ కాలముననే వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలకు అమెరికానుండి రీవ్ బెట్స్ వచ్చి వక్షశస్త్రచికిత్సకు ప్రత్యేకశాఖను నెలకొల్పెను. 1960 దశకపు తొలియేండ్లలో ఆయన శిష్యుడు ఎన్. గోపీనాథ్ అచ్చటనే గుండెను తెరచి చేయు శస్త్రచికిత్సను జయప్రదముగ నిర్వహించెను. 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే వైద్యశాలలో కె. ఎం. చెరియన్ హృదయధమని బైపాస్ శస్త్రచికిత్సను దేశమున మొదటిసారిగ చేసెను.

ఇక ఊపిరితిత్తుల సంగతి. కత్తి గుండెపై పడగా దెబ్బ ఊపిరితిత్తులపై ఏల పడవలెను? ఈ ప్రశ్నకు తెలుగుదేశపు చరిత్రలో ఒక విచిత్రమైన పూర్వరంగము కలదు. 1888లోను 1889లోను హైదరాబాదులో నిజాము ప్రభుత్వపు ఖర్చుతో క్లోరోఫారము కమిషన్లు రెండు జరిగెను. రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డు లారీ దానికి సూత్రధారి; రెండవ కమిషనుకు లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. మత్తుమందు ఇచ్చినప్పుడు మరణము సంభవించినచో మొదట ఆగునది శ్వాసయా, గుండెయా అనునది వివాదము. జంతువులపై పెక్కు ప్రయోగములు చేసి, శ్వాసయే మొదట ఆగునని కమిషను తీర్మానించెను. 1911లో ఎ. జి. లెవీ, క్లోరోఫారము గుండెను నేరుగ లయ తప్పించి చంపగలదని చూపుటతో ఆ తీర్మానము సగము కూలిపోయెను. కూలినను హైదరాబాదు పాఠము వృథా కాలేదు. మత్తులోనున్న రోగి నాడి నొక్కటే పట్టుకొని కూర్చుండరాదు, ఊపిరిని కనిపెట్టియుండవలెనను నియమము దానివలన బలపడినది.

మెలకువ వచ్చిన తరువాత కూడ ఊపిరి ప్రమాదములోనే యుండునని గుర్తించినవాడు లండనునగర వైద్యుడు విలియం పాశ్చర్. (సూక్ష్మజీవుల పాశ్చర్ వేరు, పేర్లు కలియుటచే పెక్కుచోట్ల పొరపాటు పడుచుందురు.) ఊపిరితిత్తి కొంతభాగము గాలి లేక చప్పబడిపోవుటను ఆయన 1908లో బ్రాడ్షా ఉపన్యాసమున వివరించెను. శస్త్రచికిత్స జరిగిన వారిలో న్యుమోనియాయని తలచినవానిలో కొన్ని నిజముగ ఈ చప్పబడుటయేనని తరువాత తేలినది. దీని నడక సులభముగ బోధపడును. మామూలుగ మనుష్యుడు గంటకు పలుమారులు తెలియకయే నిట్టూర్పు విడుచును. ఆ నిట్టూర్పే అడుగున మూతపడబోవు గాలిసంచులను తెరచును. ఱొమ్ముటెముకను నిలువున కోసి, ఉక్కుతీగతో కుట్టిన మనిషి నిట్టూర్చడు, దగ్గడు, నొప్పి దగ్గనీయదు. కఫము అడుగున నిలుచును, గాలిసంచులు మూతపడును, నిలిచిన కఫములో సూక్ష్మజీవులు పెరుగును. గుండెను చల్లబరచుటకు చుట్టును మంచుముక్కలు వేయు పద్ధతిలో ఉదరవితానమును కదల్చు నరము కొంతకాలము చచ్చుబడుటయు, ప్రత్యేకించి ఎడమవైపున, చూచినదే. కృత్రిమ శ్వాసనాళము గొంతులో నున్నన్ని దినములు నోటిలోని జీవులు లోనికి జారుటకు దారి ఏర్పడును. ఇవన్నియు కలిసినవే మొదటి వారపు న్యుమోనియా. దీనికి చలిగాలితో పనిలేదు.

నివారణయు అంత సామాన్యమైనదే. 1930 దశకమున లండను బ్రాంప్టన్ వైద్యశాలలో శ్వాసవ్యాయామములు ఒక క్రమమైన విద్యగ రూపొందెను. దిండును ఱొమ్మునకు అదుముకొని దగ్గుట, గంటగంటకు లోతుగ ఊపిరి పీల్చుట, త్వరగ లేచి నడచుట ముఖ్యమైనవి. 1970 దశకమున అమెరికాలో రాబర్టు బార్ట్లెట్ మొదలగువారు లోతైన శ్వాసను కంటికి కనబడునట్లు చేయు సాధనమును ప్రచారములోనికి తెచ్చిరి. మూడు గొట్టములలో మూడు బంతులుండి పీల్చినకొలది పైకి లేచు బొమ్మవంటి పరికరము నేడు మన వైద్యశాలలలో ప్రతి గుండెరోగి చేతిలోను కనబడును. ఇంటికి వచ్చిన పిదప అది పిల్లల ఆటవస్తువగుటయు కద్దు. రోగి దానిని ఇంకను కొన్ని వారములు విడువకుండుట మేలు.

1953 మే 6వ తేదీన ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్, గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని యంత్రమునకు అప్పగించి శస్త్రచికిత్స చేయుటలో కృతకృత్యుడయ్యెను. యంత్రముతో బాటు క్రొత్త చిక్కులును వచ్చెను. రక్తము శరీరమును విడిచి గొట్టములలో ప్రవహించినప్పుడు దానిని పరాయి వస్తువు తాకినట్లే శరీరము భావించును. 1981లో చెనోవెత్ ప్రభృతులు ఈ సమయమున రక్తములోని కాంప్లిమెంటు అను రక్షకద్రవ్యములు ఉద్రేకించుటను నిరూపించిరి. ఉద్రేకించిన తెల్లకణములు ఊపిరితిత్తులలో చిక్కుకొని వాపు గలిగించును. "పంపు ఊపిరితిత్తి" యని తొలినాటి వైద్యులు భయపడిన స్థితి ఇదియే. తొలి యుద్రేకము తగ్గిన పిమ్మట కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు కొన్ని వారములు, రోగనిరోధకశక్తి మందగించును. ఈ కాలమున అంటువ్యాధి సులభముగ పట్టును. నమ్మకములోని నిజము ఇంతవరకే. మూడు నెలలు గడచి, గాయము మాని, తిండి సరిగ సాగుచున్న పెద్దవయసు మనిషికి కేవలము గుండె కోయుటవలన రొంప ఎక్కువగ పట్టునని చెప్పుటకు ఆధారము లేదు.

అయితే శస్త్రచికిత్స జరిగిన కొన్ని వారములకు జ్వరములు వచ్చుట కల్పన గాదు. 1950 దశకమున కవాటము విప్పించుకొన్నవారిలో కొందరికి జ్వరము, ఊపిరి తీసినప్పుడు ఱొమ్ములో పోటు, గుండె చుట్టును నీరు చేరుట కనబడెను. రుమాటిక్ జ్వరమే తిరుగబెట్టెనని మొదట తలచిరి. రుమాటిక్ జబ్బులేని పిల్లలకు శస్త్రచికిత్స చేసినప్పుడును ఇదే కనబడుటతో, 1958 నాటికి ఇది గుండెపై పొరను తెరచుటవలన శరీరము తనపై తాను జరుపు ప్రతిక్రియయని తెలియవచ్చెను. ఇది అంటురోగము గాదు. వాపును తగ్గించు మందులతో లొంగును. 1960 ప్రాంతమున మరియొక విచిత్రజ్వరము వార్తకెక్కెను. యంత్రసహాయమున శస్త్రచికిత్స పొందినవారికి మూడు మొదలు ఆరు వారముల లోపల జ్వరము, ప్లీహము పెరుగుట, రక్తములో వింత తెల్లకణములు కనబడుట. జలుబువలె మొదలై వారముల తరబడి పీడించెడిది. 1966లో ఫిన్లండు దేశపు పరిశోధకులు దీనికి సైటోమెగలో వైరసుతో సంబంధమును చూపిరి. యంత్రమును నింపుటకు పెక్కుమంది దాతలనుండి సేకరించిన క్రొత్తరక్తముతో ఆ వైరసు రోగిలో ప్రవేశించెడిది. యంత్రమును రక్తముతో గాక ఉప్పునీటి ద్రావణములతో నింపు పద్ధతి వచ్చి, రక్తమును వడగట్టుట అలవాటయిన పిమ్మట ఈ జబ్బు అరుదయ్యెను. నాటి రోగులు "ఆపరేషను తరువాత రొంపజ్వరము విడువలేదు" అని చెప్పుకొనినచో వారు అబద్ధమాడలేదు. జబ్బు పోయినను మాట నిలిచినది.

శస్త్రచికిత్స నిజముగ జీవితాంతము రోగనిరోధకశక్తిని తగ్గించు సందర్భము ఒకటి కలదు. అది గుండెమార్పిడి. 1967 డిసెంబరు 3వ తేదీన కేప్‌టౌనులో క్రిస్టియాన్ బర్నార్డు లూయీ వాష్కాన్స్కీ అను రోగికి మరియొకరి గుండెను అమర్చెను. ప్రపంచమెల్ల పత్రికలలో ఆ వార్తను చదివెను. పదునెనిమిదవ దినమున రోగి మరణించెను. కారణము గుండె గాదు. గుండె బాగుగనే కొట్టుకొనుచుండెను. పరాయి గుండెను శరీరము త్రోసివేయకుండుటకు ఇచ్చిన మందులు శరీరపు కావలివాండ్రను నిద్రపుచ్చగా న్యుమోనియా ఆయనను గొనిపోయెను. 1968 ఫిబ్రవరిలో బొంబాయిలో ప్రఫుల్లకుమార్ సేన్ చేసిన గుండెమార్పిడిలో రోగి కొన్ని గంటలు మాత్రమే జీవించెను. సైక్లోస్పోరిను మందు వచ్చిన పిమ్మటనే ఈ చికిత్సకు తిరిగి జవము వచ్చెను. 1994 ఆగస్టు 3వ తేదీన ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థలో దేశమున మొదటి విజయవంతమైన గుండెమార్పిడిని చేసినవాడు రాజమహేంద్రవరమున పుట్టిన పి. వేణుగోపాల్. 2004లో హైదరాబాదున ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే ఆ చికిత్సను తెలుగుదేశమునకు తెచ్చెను. గుండెమార్పిడి పొందినవానికి ప్రతి దగ్గును భయపడదగినదే. అతని విషయమున ఇంటివారి యతిజాగ్రత్త తప్పు గాదు. కవాటము మార్చుకొన్నవానిని, ధమనికి దారి మళ్లించుకొన్నవానిని అతనితో జమకట్టుటయే తప్పు.

పిల్లల సంగతి వేరుగ చూడవలెను. గుండె గదుల నడుమ గోడలో రంధ్రముతో పుట్టిన బిడ్డకు ఊపిరితిత్తులలోనికి రక్తము పొంగిపొరలుటచే న్యుమోనియా మాటిమాటికి వచ్చుచుండును. "ఈ బిడ్డకు ఎప్పుడును రొంపయే" యని తల్లి చెప్పుమాటయే పెక్కుసారులు రోగనిర్ణయమునకు తొలి మెట్టగును. రంధ్రమును మూసిన పిమ్మట ఆ బాధ తగ్గునే గాని పెరుగదు. ఇంకొక ముఖమును కలదు. పసిబిడ్డల ఱొమ్ములో గుండెకు ముందు థైమస్ గ్రంథి యుండును; దారి కొఱకు శస్త్రవైద్యులు దానిని చాలవరకు తీసివేయుచుందురు. అది వ్యర్థమైన మాంసపుముక్కయని వెనుక తలచెడివారు. 1961లో జాక్వెస్ మిల్లరు, రోగనిరోధక కణములకు అదియే పాఠశాలయని చూపెను. శైశవమున దానిని కోల్పోయినవారిలో ఆ కణముల సంఖ్య తగ్గియుండుటను తరువాతి పరిశీలనలు కనుగొన్నవి. పెక్కురు సామాన్యముగనే పెరుగుచున్నను, ఈ విషయమై నేటి శస్త్రవైద్యులు కొందరు గ్రంథిని సాధ్యమైనంత నిలుపుటకు యత్నించుచున్నారు. పుట్టుకతోనే ప్లీహము లేని గుండెరోగులగు శిశువులు కొందరు కలరు. వారికి టీకాలును, ఔషధరక్షణయు అత్యవసరము. 1991 నవంబరులో పుట్టపర్తిలో ఉచిత చికిత్స చేయు సత్యసాయి ఉన్నత వైద్యవిజ్ఞాన సంస్థ తెరువబడుటతో బీదకుటుంబముల బిడ్డలకు ఇట్టి శస్త్రచికిత్స అందుబాటులోనికి వచ్చినది.

పడిశము గుండెకు చేయు హాని మాత్రము తక్కువది కాదు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మద్రాసు రాజధానిని ఊడ్చినప్పుడు గుండెజబ్బు గలవారు అధికముగ రాలిపోవుట ప్రపంచమెల్ల కనబడినదే. నూరేండ్ల తరువాత, 2018లో, కెనడా దేశపు ఒంటారియో పరిశోధకులు ఒక లెక్క తీసిరి. ఇన్‌ఫ్లుయెంజా పరీక్షలో తేలిన తరువాతి ఏడు దినములలో గుండెపోటు సంభవించుట మామూలుకంటె ఆరురెట్లు. 2021లో ప్రకటితమైన మరియొక ప్రయోగమున, గుండెపోటు వచ్చిన వెంటనే ఇన్‌ఫ్లుయెంజా టీకా పొందినవారిలో ఏడాదిలోపల మరణము, తిరిగి గుండెపోటు మొదలగునవి నూటికి 5.3, పొందనివారిలో 7.2. ఆ ప్రయోగము జరిగిన దేశములలో మన పొరుగునున్న బంగ్లాదేశమును ఒకటి గనుక ఇది చలిదేశపు ముచ్చటయని త్రోసివేయ వీలులేదు. గుండె కోసినవానికి రొంప ఎక్కువసారులు రాదు. వచ్చినప్పుడు ఎక్కువ ధర వసూలు చేయును. ఏటేటా టీకా వేయించుట గాలికి తలుపు మూయుటకంటె మేలైన కాపుదల. 2020లో సూరతునుండి వేలకొలది కూలీలు ఇండ్లకు మరలినప్పుడు గంజాము మండలము కోవిడ్ మహమ్మారికి ఒడిశాలో మిక్కిలి నలిగినది. అప్పుడు వృద్ధులతో బాటు గుండెరోగులకు కలిగిన భయము నిరాధారమైనది గాదు.

దగ్గులన్నియు పడిశము గావు. కవాటము మార్చుకొన్న వానికి రాత్రి పడుకొన్నప్పుడు దగ్గు హెచ్చి, లేచి కూర్చున్నచో తగ్గినచో, అది ఊపిరితిత్తులలో నీరు చేరుటకు గురుతు గావచ్చును. రక్తపుపోటునకును, బలహీనమైన గుండెకును ఇచ్చు ఎనాలప్రిల్, రామిప్రిల్ జాతి మందులు కొందరిలో గొంతు గీరుచున్నట్లు పొడిదగ్గును తెచ్చును. నెలలకొలది మందులషాపులో దగ్గుమందు కొనినను అది పోదు, ఆ మందు మార్చినచో పోవును. లోహపు కవాటము గలవారు రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిను, అసిట్రోము వంటివి మ్రింగుచుందురు. వారు రొంపకని దుకాణమున ఆస్పిరిను కలిసిన మాత్రలో, సూక్ష్మజీవనాశక ఔషధములో తమంత కొని వాడినచో రక్తస్రావ మగు ప్రమాదము కలదు. అన్నిటికంటె దాపరికమైనది కవాటముపై సూక్ష్మజీవులు గూడుకట్టుట. సన్నని జ్వరము, చలి, ఆకలి లేమి, బరువు తగ్గుట. ఇంతే. రొంపజ్వరము వారమునకు మించి యుండదు. ఇది వారములు సాగును. రక్తపరీక్షకు ముందే ఏదో యొక మాత్ర మ్రింగినచో జీవి పరీక్షకు చిక్కక రోగనిర్ణయము కష్టమగును. పండ్ల శుభ్రత ఇచ్చట ప్రాణరక్షణము, ఏలయన ఆ జీవులలో పెక్కు నోటినుండి వచ్చునవే.

నోటి మాట వచ్చినది గనుక అడ్డపొగను తడవక పోరాదు. శ్రీకాకుళము మొదలు గంజాము వరకు తీరమున స్త్రీలు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చుట తరతరాల వాడుక. గాలికి నిప్పారకుండుటకును, రెండు చేతులకు పని యున్నప్పుడును వీలుగ నుండునని చెప్పుదురు. 1971లో ప్రకటితమైన పిండ్‌బోర్గ్ ప్రభృతుల పరిశోధనలో ఆంధ్రప్రదేశమున 10,169 మంది గ్రామీణులను పరీక్షించి అంగిలిపై కలుగు మార్పులను నమోదు చేసిరి. అంగిలి పుండ్లను గూర్చి వైద్యులు చాలా వ్రాసిరి గాని, చుట్టపొగ శ్వాసనాళములలో కఫమును పైకి ఊడ్చు సన్నని నూగును చంపునని అంతగా ప్రచారము కాలేదు. శస్త్రచికిత్సకు పూర్వము కొన్ని వారములైన పొగ మానినవారి ఊపిరితిత్తులు మానని వారి కంటె బాగుగ తేరుకొనును. మగవారు బీడీ మానవలెనని వైద్యుడు అడుగును; ముసలమ్మను చుట్ట కాల్చుదువా యని అడుగువారు తక్కువ. వంటచెరకు పొగ, చేపలు కాల్చు పొగ ఆమెకు అదనము.

ఈ వ్యాధుల చికిత్సాచరిత్రలో తెలుగువాని చేయి యొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకత్వము వహించిన కాలమున అచ్చట బెంజమిన్ డుగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొనెను; 1948లో అది లోకమునకు వెల్లడియైనది. టెట్రాసైక్లిన్ కుటుంబమున మొదటిదగు ఆ ఔషధము పెక్కు శ్వాసవ్యాధులకు చికిత్సగ నిలిచినది. అదే సంవత్సరమున సుబ్బారావు మరణించెను. ఆ సంవత్సరముననే బెయిలీ, హార్కెనులు మిట్రల్ కవాటమును విప్పిరి. కత్తియు మందును ఒకే యేట పదునెక్కుట యాదృచ్ఛికమే కావచ్చును, కాని సూక్ష్మజీవులను అణచు మందులు లేకయున్నచో గుండెపై కత్తి అంత నిర్భయముగ కదలియుండెడిది గాదు.

ఆర్యపల్లి మనిషికి ఖర్చు సంగతి సరిహద్దుతో ముడిపడినది. 2007లో ఆంధ్రప్రదేశమున రాజీవ్ ఆరోగ్యశ్రీ ఆరంభమై బీదలకు గుండె శస్త్రచికిత్సను ఉచితము చేసినప్పుడు, ఇచ్ఛాపురమున నున్న బంధువునకు దక్కినది గంజాము తెలుగువానికి దక్కలేదు. భాష యొకటే, కులము ఒకటే, సముద్రమును ఒకటే. రేషన్ కార్డు వేరు. ఒడిశాలో బిజు స్వాస్థ్య కల్యాణ యోజన 2018 ఆగస్టు 15న ఆరంభమయ్యెను. 2025లో ఆయుష్మాన్ భారత్, గోపబంధు పథకములు దాని స్థానమున వచ్చినవి. శస్త్రచికిత్సకు ధనము దొరకు దారి ఇట్లు కొంత ఏర్పడినది. తరువాతి సంరక్షణకు అంత దారి లేదు. ఱొమ్ముటెముక అతుకుటకు రెండు నెలలు, బరువు లాగుటకు ఇంచుమించు మూడు నెలలు పట్టును. అలివి వల లాగుట చేతులతోనే గాదు, ఱొమ్ముతో లాగుట. తొందరపడినవాని కుట్టు విడిపోవును. అంతకాలము ఆగినవాడు తిరిగి కడలికి పోవచ్చును. తడిసినంత మాత్రమున గుండెకు హాని లేదు.

మానరానిది వేరొకటి కలదు. రుమాటిక్ జబ్బుతో కవాటము చెడినవాడు శస్త్రచికిత్స జరిగినను గొంతున స్ట్రెప్టోకాకస్‌ను మరల చేరనీయరాదు. చేరినచో మిగిలిన కవాటములు చెడును. దానికి మూడు వారములకొకసారి, లేదా నాలుగు వారములకొకసారి, బెంజథీన్ పెనిసిలిన్ సూది. పిరుదున లోతుగ పొడిచెడి ఆ సూది చాలా నొప్పి పెట్టును, కావున మానుకొనువారు కొందరు. 1950 దశకమునుండి దీని ఫలితము తెలిసినదే. దీనికి సమానమైన మందు ఇంకను రాలేదు. మందు చవుక గనుక లాభము తక్కువ, లాభము తక్కువ గనుక తయారుచేయువారు కొద్దిమంది. ముడిద్రవ్యము చీనాదేశమున కొన్ని కర్మాగారములనుండియే వచ్చుచున్నందున భారతదేశముతో గూడ పెక్కు దేశములలో దీనికి మాటిమాటికి కరవు ఏర్పడినది. లక్షల విలువగల కవాటమును ప్రభుత్వవ్యయమున అమర్చుకొని వచ్చిన మనిషి, మూడు వారముల తిథి లెక్కపెట్టుకొని ఛత్రపురమునకు నడచి, అంగడిలో సూదిమందు లేదని తిరిగివచ్చిన దినములు గలవు.